ఎముక విరగలేదు, మరి కాలెందుకు నిలవడం లేదు?

సాయంత్రం స్కూల్ గ్రౌండ్‌లో కబడ్డీ జరుగుతోంది. కూతకు వెళ్లిన కుర్రాడు వెనక్కి తిరగబోయాడు. పాదం నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. మోకాల్లో ‘టప్’మని చప్పుడైంది. ఇంటికి తీసుకొచ్చేసరికి మోకాలు కొబ్బరికాయంత ఉబ్బింది. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి, ‘ఎముక విరగలేదు, భయం లేదు’ అన్నారు. ఇంట్లో అందరి మనసూ కుదుటపడింది. కట్టు కట్టారు, మాత్రలు రాసిచ్చారు. మూడు వారాల్లో వాపు తగ్గింది, నడక వచ్చింది. నాలుగో నెలలో మళ్లీ కూతకు వెళ్లాడు. ఈసారి అతన్ని ఎవరూ పట్టుకోలేదు. మోకాలు దానంతటదే పక్కకు జారిపోయింది.

ఇది ఫలానా ఒక్కరి కథ కాదు. ఎముకల వైద్యుల గది బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లను అడిగితే ఇలాంటివి చాలా వినిపిస్తాయి. ఆటగాళ్లే కానక్కర్లేదు. బస్సు దిగుతూ కాలు మడతపడ్డ టీచరు కావచ్చు, వరిగట్టు మీద జారిన రైతు కావచ్చు, ఏళ్ల తర్వాత పెళ్లిలో డాన్సు చేసి పిక్క పట్టుకుని కూలబడిన మేనమామ కావచ్చు. అందరికీ మొదట చెప్పే మాట ఒకటే: ఎముక విరగలేదు.

ఆ మాట అబద్ధం కాదు. కానీ అది ఒక్క ప్రశ్నకే జవాబు. ఎక్స్‌రే కిరణాలను గట్టిగా ఆపేది ఎముకలో ఉన్న కాల్షియం. ఎముకలను కలిపి ఉంచే పట్టీలు, కండరాన్ని ఎముకకు అంటించే తాళ్లు, కీలు మధ్య మెత్తల గుండా ఆ కిరణాలు దాదాపు అలాగే దూసుకుపోతాయి. కాబట్టి పూర్తిగా తెగిన లిగమెంట్ ఉన్న మోకాలు కూడా ఎక్స్‌రే ఫిల్ము మీద చక్కగా, ఏ లోపమూ లేనట్టు కనిపించవచ్చు.

అన్నీ ‘నరాలే’నా?

మన మాటల్లో ఒక చిక్కుంది. మెడ తిరగకపోతే నరం పట్టిందంటాం. సూది వేసేటప్పుడు నర్సు వెతికేదీ నరమే. తిమ్మిరెక్కితే నరాల బలహీనత. మడమ పైన తాడు తెగితే నరం తెగిందంటాం. మెదడు నుంచి సంకేతాలు తెచ్చే నాడి, రక్తం పారే సిర, కండరపు తాడు, కీలు పట్టీ, నాలుగింటికీ ఒకే మాట వాడుతున్నాం. దాంతో చీలమండ బెణికినవాడు నరాల బలానికని విటమిన్ మాత్రలు మింగుతుంటాడు. వాటికీ, తెగిన పట్టీకీ సంబంధం లేదు.

పాఠ్యపుస్తకాల్లో స్నాయుబంధకం, సంధిబంధకం అనే మాటలు చదువుకున్నాం. ఆస్పత్రుల్లో మాత్రం వినిపించేవి టెండన్, లిగమెంట్. ఇక్కడ వాటినే వాడుకుందాం. కండరాన్ని ఎముకకు కలిపే తాడు టెండన్. కండరం కుంచించుకున్నప్పుడు ఆ లాగుడును ఎముకకు చేరవేయడం దాని పని. ఒక ఎముకను పక్క ఎముకతో కలిపి, కీలు తిరగకూడని వైపు తిరగకుండా ఆపే పట్టీ లిగమెంట్. లిగమెంట్ సాగినా చిరిగినా అది బెణుకు. కండరమో, దాని టెండనో చిరిగితే దాన్ని బెణుకు అనకపోవడమే మంచిది, ఎందుకంటే చికిత్స వేరు.

రెండూ తయారైంది ఒకే సరుకుతో, అదే కొల్లాజెన్. టెండన్‌లోని నీటిని తీసేస్తే మిగిలే బరువులో ముప్పాతిక దాకా అదే ఉంటుంది. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి మోకును దగ్గరగా చూడండి. సన్నని పోగులు కలిసి పేట, పేటలు కలిసి తాడు. టెండన్ కూడా అలా పోగులు పోగులుగా, లాగుడు ఏ వైపు ఉంటే ఆ వైపే బారుగా అమరి ఉంటుంది. ఆ అమరికే దాని బలం. అయితే లోపల కణాలు తక్కువ, రక్తనాళాలు ఇంకా తక్కువ. కండరం ఎర్రగా, టెండన్ తెల్లగా ఉండేది అందుకే. రక్తం తక్కువ చేరే చోట మరమ్మతు నెమ్మదిగానే సాగుతుంది.

ఎంత నెమ్మదో తెలిపే ఒక ప్రయోగం ఉంది. 1955-63 మధ్య అగ్రరాజ్యాలు గాలిలో అణుబాంబులు పరీక్షించినప్పుడు వాతావరణంలో కార్బన్-14 దాదాపు రెట్టింపయింది. తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. ఆ కార్బన్ మొక్కల్లోకి, తిండిలోకి, మన ఒంట్లోకి చేరింది. కాబట్టి ఒక కణజాలంలో కార్బన్-14 ఎంతుందో కొలిస్తే అది ఏ కాలంలో తయారైందో చెప్పొచ్చు. డెన్మార్క్ పరిశోధకులు వేర్వేరు దశాబ్దాల్లో పుట్టినవారి మడమ టెండన్లను ఇలా పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. టెండన్ నడిమి భాగం సుమారు 17 ఏళ్ల వయసు దాకా తయారవుతుంది. ఆ తర్వాత దాదాపు మారదు. అదే మనుషుల కండరం మాత్రం నిరంతరం కొత్తదవుతూనే ఉంది. యాభై ఏళ్ల మనిషి ఇంటర్ చదివేనాటి తాడుతోనే ఇంకా నడుస్తున్నాడన్నమాట.

దెబ్బ తగిలినప్పుడు ఒళ్లు ఊరుకోదు. మొదటి కొన్ని రోజులు వాపు, వేడి, ఎరుపు. ఆ తర్వాత కొన్ని వారాల పాటు కొత్త కొల్లాజెన్ చేరుతుంది. ఇది మూడో రకం కొల్లాజెన్, సన్నగా, గజిబిజిగా అల్లుకున్న అతుకు. దాన్ని మళ్లీ వరుసలో పేర్చి గట్టిపరచడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఏ వైపు పేర్చాలో ఆ కణాలకు తెలిసేది ఒక్కటే దారిలో: దాని మీద పడే లాగుడును బట్టి. అందుకే పూర్తిగా కదలకుండా ఉంచడం ఈ గాయాలకు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. 1970లలో అమెరికాలో కోతుల మీద చేసిన ప్రయోగంలో ఎనిమిది వారాలు కాలికి పిండికట్టు వేసి ఉంచితే, ఏ దెబ్బా తగలని మోకాలి లిగమెంట్ బలం కూడా దాదాపు 40 శాతం పడిపోయింది. అది తిరిగి దరిదాపుల్లోకి రావడానికి ఏడాది పట్టింది.

చీలమండ: చిన్నదనుకునే పెద్ద గాయం

కాలి గాయాల్లో అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది చీలమండ బెణుకు. దాదాపు ఎప్పుడూ పాదం లోపలికి మడతపడుతుంది, దెబ్బ బయటి వైపు తగులుతుంది. కారణం కట్టుబాటులోనే ఉంది. బయటి ఎముక గుబ్బ లోపలి దానికంటే కిందికి దిగి ఉంటుంది కనుక పాదం బయటికి తిరగకుండా అడ్డుకుంటుంది. లోపలి వైపు లిగమెంట్ విసనకర్రలా వెడల్పుగా, గట్టిగా ఉంటుంది. బయటి వైపు ఉన్నవి మూడు విడివిడి పట్టీలు. వాటిలో ముందున్నది బలహీనం, ముందు తెగేది అదే.

ఎక్స్‌రే ఎవరికి కావాలి? ఈ ప్రశ్నకు కెనడాలోని ఒట్టావాలో అత్యవసర విభాగపు వైద్యుడు ఇయాన్ స్టీల్, ఆయన బృందం 1992లో ఒక పద్ధతి ఇచ్చారు. దెబ్బ తగిలిన వెంటనే, ఆ తర్వాత డాక్టరు ముందు కూడా, కుంటుతూ అయినా సరే నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయాలి. చీలమండ గుబ్బల వెనక అంచు మీద, కింది కొన నుంచి పైకి ఆరు సెంటీమీటర్ల లోపు నొక్కితే ఎముక మీదే నొప్పి ఉంటే తీయాలి. పాదం బయటి అంచు మధ్యలో చేతికి తగిలే ఎముక బొడిపె మీద గానీ, లోపలి వైపు పాదం వంపు పైన ఉన్న ఎముక మీద గానీ నొక్కితే నొప్పి పుట్టినా తీయాలి. ఇవేవీ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. దీన్ని పాటించిన ఆస్పత్రుల్లో ఎక్స్‌రేలు సుమారు మూడో వంతు తగ్గాయి. కావలసింది రెండు వేళ్లు, కొంచెం ఓపిక.

మన దగ్గర దీన్ని వాడేటప్పుడు ఒక సంగతి మరవకూడదు. ఈ పరీక్ష మొత్తం నొప్పి మీద ఆధారపడింది. చాలా ఏళ్లుగా షుగర్ ఉండి పాదాలు మొద్దుబారినవారికి ఎముక విరిగినా నొప్పి తెలియకపోవచ్చు. వారి పాదం ఎర్రగా, వేడిగా వాచిందంటే ‘బెణికిందేమో’ అని ఇంట్లో ఊరుకోవద్దు. పిల్లల సంగతీ వేరు. ఎదిగే వయసులో ఎముక చివర ఉండే ఎదుగుదల పొర లిగమెంట్ కంటే బలహీనం. పెద్దవాళ్లకు లిగమెంట్ తెగే చోట పిల్లలకు ఆ పొర విడిపోవచ్చు.

ఇక ఇంటి వైద్యం. చింతపండు, ఉప్పు కలిపి పట్టు వేయడం, పసుపు సున్నం పూయడం చాలా ఇళ్లలో ఉన్నదే. చర్మం పొక్కకపోతే వాటితో పెద్ద హాని లేదు. చేటు చేసేది గట్టిగా తోమించడం. కొత్త గాయంలో చిట్లిన సన్నని రక్తనాళాలు ఇంకా మూసుకోకముందే నూనె రాసి రుద్దితే, వేడి కాపడం పెడితే వాపు పెరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచే కాక పక్క రాష్ట్రం నుంచి కూడా జనం వెళ్లే పుత్తూరు కట్టు లాంటి సంప్రదాయాల మీద నమ్మకం ఎంత ఉన్నా, ఏ కట్టయినా ఒక్కటి చూసుకోవాలి. కట్టు కట్టాక కాలి వేళ్లు నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా అప్పటికప్పుడు విప్పాలి. ఇది క్రేప్ బ్యాండేజీకీ వర్తిస్తుంది, పిండికట్టుకీ వర్తిస్తుంది.

ఐసు గురించి వైద్యుల అభిప్రాయం కూడా మారుతూ వచ్చింది. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే నాలుగు సూత్రాలను కలిపి 1978లో అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ ‘రైస్’ అని పేరుపెట్టారు. ప్రపంచమంతా అదే పాటించింది. ఐసు, పూర్తి విశ్రాంతి గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని 2014లో ఆయనే రాశారు. ఇప్పటి మాట ఇది: నొప్పి తగ్గడానికి గుడ్డలో చుట్టిన ఐసు ఒక పది, పదిహేను నిమిషాలు పెట్టుకోవచ్చు, కానీ మందు అది కాదు. ఒకటి రెండు రోజుల తర్వాత ఓర్చుకోగలిగినంత మేర కదిలించడం, బరువు మోపడం మొదలుపెట్టాలి. బొటనవేలితో గాల్లో అ, ఆ, ఇ, ఈ రాయమని ఫిజియోథెరపిస్టులు చెప్పేది అందుకే. మన అక్షరమాల పొడుగు ఇక్కడ బాగా పనికొస్తుంది.

వాపు పోయాక ఎక్కువమంది ఆపేస్తారు. అసలు పని మొదలయ్యేది అప్పుడే. లిగమెంట్ ఒట్టి పట్టీ కాదు. కీలు ఏ కోణంలో ఉందో మెదడుకు చెప్పే సూక్ష్మ గ్రాహకాలు అందులో ఉంటాయి. చిరిగినప్పుడు అవీ దెబ్బతింటాయి. పాదం మడతపడబోతోందన్న కబురు ఆలస్యంగా అందుతుంది, కండరం పట్టుకునే లోపు మళ్లీ మడతపడుతుంది. మొదటిసారి బెణికినవారిని ఏడాది పాటు గమనించిన ఒక అధ్యయనంలో పదిమందిలో దాదాపు నలుగురికి చీలమండ నిలకడ పూర్తిగా రాలేదు. దీనికి విరుగుడు ఒంటికాలి మీద నిలబడటం. గోడ పక్కన, మొదట కళ్లు తెరిచి, కొన్నాళ్లకు కళ్లు మూసి. పళ్లు తోముకునేటప్పుడు చేసినా చాలు. ఖర్చు లేనిది కాబట్టే కాబోలు, దీన్ని ఎవరూ మందుగా లెక్కపెట్టరు.

మోకాలి నడుమ అడ్డుగీతలు

మళ్లీ ఆ కబడ్డీ కుర్రాడి దగ్గరికి వద్దాం. ‘టప్’మన్న చప్పుడు, కొద్ది గంటల్లోనే నిండుగా వాపు, ఆట కొనసాగించలేకపోవడం. ఈ మూడూ కలిస్తే, వేరే రుజువయ్యేదాకా, ఏసీఎల్ తెగిందనే అనుకోవాలి. మోకాలి లోపల ఇంటూ గుర్తులా అడ్డంగా అమరిన రెండు లిగమెంట్లలో ముందుది ఏసీఎల్. కింది ఎముక ముందుకు జారకుండా, మెలితిరగకుండా ఆపేది అదే. తెగినప్పుడు దాని రక్తనాళం చిట్లి కీలు లోపల రక్తం నిండుతుంది. అందుకే అంత త్వరగా వాపు. మర్నాటికి మెల్లగా వచ్చే వాపు సాధారణంగా వేరే కథ.

ఎవరో వచ్చి గుద్దితేనే ఇది తెగుతుందనుకుంటారు. నిజానికి దాదాపు 70 శాతం సందర్భాల్లో ఎవరి తాకిడీ ఉండదు. పరుగు ఆపబోతూ, ఎగిరి దిగుతూ, పాదం పాతుకుని దిశ మార్చబోతూ తెగుతుంది. ఆ క్షణంలో మోకాలు లోపలికి ఒరుగుతుంది. నేలను గట్టిగా పట్టుకునే బూటు ఉంటే మెలి ఇంకా మోకాలి మీదికే వస్తుంది. కబడ్డీలో దీనికి తోడు చీలమండను ఇద్దరు పట్టుకుని ఉంటారు.

గుర్తించడానికి మొదట కావలసింది ఎంఆర్ఐ కాదు, చేయి. మోకాలిని ఇరవై ముప్పై డిగ్రీలు వంచి, తొడను ఒక చేత్తో ఆపి, పిక్కను రెండో చేత్తో ముందుకు లాగి చూస్తారు. మంచి మోకాలు ‘టక్కు’న ఆగుతుంది. తెగినది ఆగకుండా జారుతుంది. 1976 నుంచి లాక్‌మన్ పరీక్షగా పేరుపడిన ఈ పద్ధతికి పట్టేది అర నిమిషం. అయితే దెబ్బ తగిలిన రోజున వాపు, నొప్పి వల్ల కండరాలు బిగుసుకుని పరీక్ష సరిగా రాదు. వారం, పది రోజులకు మళ్లీ చూపించుకోవాలి. మన కుర్రాడి కథలో తప్పిపోయిన అడుగు ఇదే. ఎక్స్‌రే తీసినవాళ్లది తప్పు కాదు, మళ్లీ రమ్మని ఎవరూ గట్టిగా చెప్పలేదు, చెప్పినా వాపు తగ్గాక వెళ్లాలనిపించదు.

మోకాలికి లోపలి పక్కన ఉన్న లిగమెంట్ తెగితే చాలాసార్లు బ్రేసు వేస్తే అదే మానుతుంది. ఏసీఎల్ అలా ఎందుకు మానదు? అది కీలు ద్రవంలో మునిగి ఉంటుంది. తెగిన రెండు కొసల మధ్య రక్తం గడ్డకట్టి వంతెనలా నిలవాలి, ద్రవం ఆ గడ్డను కరిగించేస్తుంది. అయినా కొద్దిమందిలో మానుతుందని ఇటీవలి ఎంఆర్ఐ పరిశీలనలు చూపుతున్నాయి కానీ, ఎవరికో ముందే చెప్పడం కుదరదు.

మరైతే అందరికీ ఆపరేషనేనా? స్వీడన్‌లో 121 మంది చురుకైన యువతీయువకులపై జరిగి 2010లో వెలువడిన అధ్యయనం ఈ నమ్మకాన్ని కదిలించింది. సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు. మిగతా సగానికి ముందు వ్యాయామ చికిత్స ఇచ్చి, మోకాలు నిలవకపోతేనే ఆపరేషన్ చేద్దామన్నారు. రెండేళ్లకు రెండో బృందంలో సుమారు 60 శాతం మందికి ఆపరేషన్ అవసరం పడలేదు. ఇరువర్గాల మోకాళ్ల పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఐదేళ్లకు రెండో బృందంలో సగం మంది ఆపరేషన్ చేయించుకున్నారు. మెలికలు తిరిగే ఆటలు ఆడేవారికి, రోజువారీ నడకలోనే మోకాలు జారేవారికి ఆపరేషన్ కావాలి. ఆఫీసు పని చేసుకుంటూ ఉదయం నడిచే మనిషి తొడ కండరాలు గట్టిపరచుకుని హాయిగా ఉండొచ్చు. నిర్ణయం మోకాలిని బట్టే కాదు, ఆ మనిషి బతుకును బట్టి కూడా.

ఆపరేషన్ అంటే తెగినదాన్ని కుట్టడం కాదు. తొడ వెనక టెండన్‌నో, మోకాలి చిప్ప కింది టెండన్‌లో ఒక ముక్కనో తీసి, ఎముకలో రంధ్రాలు చేసి కొత్త తాడుగా బిగిస్తారు. ఈ తాడుకు మొదట్లో రక్తం అందదు. దాని కణాలు చనిపోతాయి, మెల్లగా మోకాలి సొంత కణాలు వచ్చి కాపురం పెడతాయి. ఈ మార్పిడి జరిగే తొలి నెలల్లో తాడు బలం బాగా తగ్గుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నొప్పి పోయి, మనిషికి అంతా బాగైపోయిందనిపిస్తుంది. 2016లో వెలువడిన నార్వే, అమెరికా ఉమ్మడి అధ్యయనం ప్రకారం, తొమ్మిది నెలల దాకా ఆటలోకి తిరిగి రావడాన్ని వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ గాయపడే ప్రమాదం దాదాపు సగానికి తగ్గింది.

వినేశ్ ఫోగాట్ పేరు ఇక్కడ గుర్తుకొస్తుంది. 2016 రియో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మోకాలు దెబ్బతిని ఆమెను స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. రెండేళ్ల తర్వాత 2018 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచారు. 2023 ఆగస్టులో రెండో మోకాలికి ఏసీఎల్ ఆపరేషన్ జరిగింది. ఏడాదికి పారిస్ ఒలింపిక్స్‌లో ఫైనల్ దాకా చేరారు. చివరికి బరువు కొలతలో అనర్హత వేటు పడింది కానీ, మోకాలు మాత్రం నిలిచింది. ఆ ఏడాదిలో ఆమె వెంట ఫిజియోథెరపిస్టులు, శిక్షకులు ఉన్నారు. జిల్లా స్థాయి ఆటగాడికి ఆ వసతి లేదు. ఆపరేషన్‌కు అప్పు చేసైనా డబ్బు సర్దే కుటుంబం, వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి బస్సు ఛార్జీలు, పోయిన కూలి దగ్గర ఆగిపోతుంది. నా దృష్టిలో మన దేశంలో ఏసీఎల్ ఆపరేషన్లు చాలామట్టుకు నీరుగారిపోయేది అక్కడే.

ఎగిరే, మలుపు తిరిగే ఆటల్లో అమ్మాయిలకు ఈ గాయం అబ్బాయిల కంటే రెండు రెట్లు మొదలు ఎన్నో రెట్లు ఎక్కువని లెక్కలున్నాయి. కటి నిర్మాణం, హార్మోన్లు, కండరాల బలంలో తేడా అంటూ కారణాలు చాలా చెబుతారు. ఎగిరి ఎలా దిగాలో చిన్నప్పుడు నేర్పకపోవడం కూడా ఒక కారణమని నేననుకుంటాను. దాన్ని సరిదిద్దొచ్చు. ఫుట్‌బాల్ కోసం రూపొందించిన ‘ఫిఫా 11 ప్లస్’ అనే ఇరవై నిమిషాల వార్మప్‌ను క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు మూడో వంతు వరకూ, కొన్నిచోట్ల అంతకు మించీ తగ్గాయి. అందులో ఉన్నవి గుంజీలు, ఒంటికాలి మీద నిలకడ, మోకాలు లోపలికి ఒరగకుండా మెత్తగా దిగడం. పరికరాలేమీ అక్కర్లేదు.

ఎంఆర్ఐ ఎక్కువ చెప్పినప్పుడు

ఎక్స్‌రే తక్కువ చూపిస్తే, నడివయసు దాటినవారి విషయంలో ఎంఆర్ఐ ఎక్కువ చూపిస్తుంది. మోకాలి ఎముకల మధ్య చంద్రవంక ఆకారంలో రెండు మెత్తలుంటాయి, వాటి పేరు మెనిస్కస్. కుర్రవాళ్లలో మోకాలు మెలితిరిగినప్పుడు అవి చిరిగి, ముక్క ఇరుక్కుని కాలు చాపలేకపోతే అది వేగంగా చూడాల్సిన గాయమే. కానీ యాభై దాటాక అవి వాటంతటవే అరిగి చీలికలు పడతాయి. అమెరికాలో 50 నుంచి 90 ఏళ్ల మధ్యవారిని పరీక్షించి 2008లో ప్రకటించిన అధ్యయనంలో, ఇలా చీలిక ఉన్నవారిలో 61 శాతానికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పే లేదు. ఫిన్లండ్‌లో 2013లో ఇంకో అడుగు ముందుకేశారు. అరుగుదల చీలికలున్న 146 మందిలో కొందరికి నిజమైన కీహోల్ ఆపరేషన్, మిగతావారికి కీలు లోపల చూసి, చీలికను ముట్టుకోకుండా ఆపరేషన్ చేసినట్టు నటించారు. ఏడాదికి ఇద్దరికీ ఒకేలా ఉంది. కాబట్టి రిపోర్టులో ‘టేర్’ అన్న మాట చూడగానే ఆపరేషన్ తేదీ అడగక్కర్లేదు. నొప్పికి అదే కారణమా అని అడగాలి.

మడమ వెనక తాడు

గ్రీకుల వీరుడు అకిలీస్‌కు మడమ ఒక్కటే బలహీనమైన చోటు. మౌసల పర్వంలో కృష్ణుణ్ణి పడగొట్టిన బోయవాడి బాణం తగిలింది కూడా పాదానికే. కథల్లో బలహీనమైన ఆ చోట ఉన్నది ఒంట్లోకెల్లా లావైన టెండన్. పరుగెత్తేటప్పుడు దాని మీద శరీర బరువుకు ఆరు రెట్లకు పైగా లాగుడు పడుతుంది. మడమ ఎముకకు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన రక్తం తక్కువ అందుతుంది. తెగితే ఎక్కువగా తెగేది అక్కడే.

తెగిన క్షణాన వెనక నుంచి ఎవరో తన్నారనో, రాయి విసిరారనో అనిపిస్తుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ముప్పై, నలభై దాటి, వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం షటిల్ ఆడేవారిలో ఇది ఎక్కువ. మోసపోయేది ఎక్కడంటే, తాడు తెగినా వేరే కండరాల సాయంతో పాదం కిందికి వంగుతుంది, కుంటుతూ నడవగలుగుతారు. దాంతో బెణుకని పొరబడతారు. తెలుసుకునే దారి సులువు. బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచు దాటి వేలాడేలా ఉంచి, పిక్కను పిండాలి. మంచి కాలికి పాదం కదులుతుంది. తాడు తెగిన కాలికి కదలదు. కదలకపోతే అదే రోజు ఎముకల వైద్యుణ్ణి కలవాలి, వారాలు గడిస్తే తెగిన కొసలు దూరమైపోతాయి. వెంటనే గుర్తిస్తే ఆపరేషన్ లేకుండా కూడా మానొచ్చు. నార్వేలో 500 మందికి పైగా రోగులపై జరిగి 2022లో వెలువడిన అధ్యయనంలో ఏడాది తర్వాత పనితీరు రెండు దారుల్లోనూ సమానంగానే ఉంది. కాకపోతే ఆపరేషన్ లేనివారిలో వందకు ఆరుగురికి మళ్లీ తెగింది, ఆపరేషన్ అయినవారిలో ఒకరికంటే తక్కువ.

మందుల షాపుకు సంబంధించిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్స్ టెండన్లను దెబ్బతీయగలవు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే వీటి మీద అతి తీవ్రమైన హెచ్చరిక ముద్రించమంది. అరవై దాటినవారికి, స్టెరాయిడ్లు వాడేవారికి ముప్పు ఇంకా ఎక్కువ. విరేచనాలకూ జ్వరానికీ చీటీ లేకుండా ఈ మాత్రలు కొనే అలవాటు మనకుంది. ఇవి వాడుతుండగా మడమ వెనక కొత్తగా నొప్పి మొదలైతే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆ నొప్పికి టెండన్‌లోనే స్టెరాయిడ్ సూది వేయించుకోవడం అగ్నిలో ఆజ్యం పోయడమే.

తెగకుండా నెలల తరబడి సతాయించే మడమ టెండన్ నొప్పికి మంచి చికిత్స ఒక కోపంలోంచి పుట్టింది. స్వీడన్ ఎముకల వైద్యుడు హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్‌కు స్వయంగా ఆ నొప్పి ఉండేది. ఆపరేషన్ చేయమంటే పై అధికారి ఒప్పుకోలేదట. తాడు తెగిపోతే అప్పుడైనా చేస్తారు కదా అని, నొప్పిని లెక్కచేయకుండా మడమల మీద బరువు వేయడం మొదలుపెట్టారు. తెగలేదు సరికదా, నొప్పి తగ్గిపోయింది. 1998లో ఆయన దాన్ని పదిహేనుమంది రోగుల మీద ప్రయత్నించి ప్రచురించారు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, మడమను నెమ్మదిగా కిందికి దించడం. మోకాలు నిటారుగా ఉంచి పదిహేనేసి మూడుసార్లు, కాస్త వంచి మళ్లీ మూడుసార్లు, రోజుకు రెండు పూటలా, పన్నెండు వారాలు. నెమ్మదిగా దించడమే అందులో మందు.

కొన్నింటికి మాత్రం ఆగకూడదు. మోకాలు పూర్తిగా తొలగి పాదం చల్లబడితే రక్తనాళం దెబ్బతిని ఉండవచ్చు, గంటలే గడువు. జ్వరంతో పాటు కీలు వేడిగా వాచితే అందులో చీము ఉండవచ్చు. దెబ్బేమీ లేకుండా ఒక్క పిక్కే వాచి నొప్పెడితే, ముఖ్యంగా ఆపరేషన్ తర్వాతో, సుదీర్ఘ ప్రయాణం తర్వాతో అయితే, లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. పిక్క పట్టేసిందని తోమించకూడదు.

ఇక ఆ కుర్రాడు మళ్లీ కూతకు ఎప్పుడు వెళ్లొచ్చు? నెలలు లెక్కపెట్టడంతో పాటు ఇంకో పరీక్ష ఉంది. దానికి సుద్దముక్క, కొలత టేపు చాలు. మంచి కాలితో ఒంటికాలి మీద గెంతి ఎంత దూరం పడ్డాడో గీత గీయాలి. ఆపరేషన్ అయిన కాలితో అందులో కనీసం 90 శాతం గెంతి, తూలకుండా నిలబడాలి. ఒక్క గెంతు, మూడు గెంతులు, అడ్డంగా గీత దాటుతూ గెంతులు. తొక్కుడుబిళ్ల ఆడి పెరిగిన చెల్లెలు పక్కనుంటే ఎలా దిగాలో అతనికి చూపించగలదు.